కొట్టంలో రేడియో

నర్సింహమ్మ కొట్టంలోంచి ఖాళీ తపేలాతో వచ్చింది. చుక్క బర్రె ఇవాళ కూడా చేపి పాలు దించలేదని ఆమె మొహమే చెప్పింది.

"బర్రెల బేరగాడు హన్మంత్‌కు చెప్పిన. ఇయ్యాల వచ్చి తోలుకపోతడు," అన్నాడు బాలేష్, బూట్లు తొడుక్కుంటూ. ఆదిబట్ల దిక్కున కంపెనీ బస్సు నడుపుతాడతను.

"నన్ను అడగకుంటనే?"

"అడిగితే వద్దంటవని ఎరికే గదా అమ్మ. పాలియ్యని బర్రె కోసం ఆ మోకాళ్లతోని గడ్డి కోయవోతున్నవ్. ఏడనన్న పడితే?"

"దాని తప్పేంది రా? రేడియో పోయింది, అది పాలు ఆపింది. మీ బాపు అట్ల అలవాటు జేసిండు."

వినేవాళ్లకు నవ్వు రావచ్చు గానీ అది నిజమే. దూడ చచ్చిపోయినప్పుడు బర్రె ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. బాలేష్ తండ్రి చెన్నయ్య గుంజకు రేడియో తగిలించి, రైతుల కార్యక్రమం పెట్టి పొదుగు కడిగితే మెల్లగా చేపడం మొదలుపెట్టింది. ఆ మహానుభావుడు ఊరికే వింటే కదా! పొలం అమ్మి ఎవుసం మానేసినా, రేడియోలో ఎవరేం చెప్పినా ఎదురు చెప్పేవాడు. కొత్తకోడలిగా వచ్చిన సింధు, పొద్దున్నే ఎవరితో కొట్లాటో అని బెదిరి లేచేది. తీరా చూస్తే మామ పాలు పిండుతూ రేడియోతో తగువు పడుతుండేవాడు.

ఆ మనిషి నిద్రలోనే పోయాడు. దినాలయ్యాయో లేదో, పక్క ప్లాట్ల వెంచర్‌లో ఎల్‌ఈడీ వీధిదీపాలు పెట్టారు. వాటి కరెంటు అడ్డొచ్చి అప్పటి నుంచి రేడియోలో గరగర తప్ప మాట లేదు. అయినా నర్సింహమ్మ దాన్ని గుంజ మీంచి తీయనివ్వలేదు.

"రేడియో, రేడియో! బర్రెకు సమజైతదా అది?" విసుక్కున్నాడు బాలేష్.

"బాపు పోయినంక ఒక్కనాడన్న కొట్టంల అడుగు వెట్టినవా నువ్వు? నీకు బరువైంది బర్రె గాదు రా. బాపు యాది!"

బాలేష్ వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. అత్త కొంగుతో కళ్లు ఒత్తుకోవడం సింధు చూడలేకపోయింది.

"జర ఆగు అత్తమ్మ. రేడియో నేను పలికిస్త," అంది.

అద్దం పగిలిన పాత ఫోను అల్మారాలో మూలుగుతోంది. అందులో సిమ్ లేదు, అయినా ఇంట్లో వైఫై ఉంటే చాలు. వైఫై పెట్టెను వంటింటి వెనక కిటికీలోకి మార్చింది. బాలేష్ పాటల కోసం కొన్న చిన్న స్పీకర్ తెచ్చి ఫోనుకు కలిపి, గుంజకు తగిలించి రేడియో పెట్టింది. దుమ్ము పడకుండా ఫోనును స్టీలు డబ్బాలో పెడితే సిగ్నల్ అందక గొంతు ఆగిపోయింది. పచ్చడి పెట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెడితే మళ్లీ పలికింది.

"ఇది నెట్‌ల వచ్చే రేడియో అత్తమ్మ. దీపాలు దీన్నేం జెయ్యలేవు. పైసా ఖర్చు లేదు."

గుంజ మీది స్పీకర్ నుంచి మాటలు తేటగా వచ్చాయి. "అవ్! గదే గొంతు!" నర్సింహమ్మ మొహం విప్పారింది. బర్రె చెవులు రిక్కించింది. తల తిప్పి, చెన్నయ్య వచ్చే తడిక వైపు చూసింది. అంతే. పొదుగు మాత్రం రాయిలాగే ఉంది. ఎంత బతిమాలినా ఒక్క పాలచుక్క రాలలేదు.

వాకిట్లో హన్మంత్ గొంతు వినిపించింది. నర్సింహమ్మ చేతులు బర్రె మెడ చుట్టూ బిగుసుకున్నాయి. సింధుకు ఏడుపొచ్చింది. ఇంత చేసీ ఏం లాభం?

పలుపు విప్పడానికి బాలేష్ తల వంచుకుని కొట్టంలోకి వచ్చాడు. ముడి పట్టుకున్నాడు. రేడియోలో ఎవరో సారు నారుమడిలో నీళ్లు తగ్గకుండా చూసుకోమంటున్నాడు.

"బోరే ఎండిపాయె, నీళ్లు ఏడికెల్లి తేవాలె? నువ్వొచ్చి పోస్తవా?" కసిరాడు బాలేష్.

సింధు చటుక్కున తలెత్తింది. అచ్చం మామే! అదే విసురు, అదే సాగదీత. బర్రె వెనక కాళ్లు ఎడం చేసి కుదురుగా నిలబడింది.

"చేపుతున్నది! ఆపకు రా, ఇంకింత తిట్టు!" నర్సింహమ్మ గబగబా కింద కూర్చుంది.

"మందులు కొట్టుమంటవా? మాకు చెప్పుడు కాదు, ఒక్కపారి మడిల దిగి సూడు..." అన్నాడు బాలేష్. కళ్లవెంట నీళ్లు కారుతున్నా తిట్టడం మాత్రం ఆపలేదు. తపేలాలో పాలధార మోగింది.

"బాపు నా నోట్లనే ఉన్నడానే అమ్మ?"

"ఇంకేడికి పోతడు బిడ్డా!"

తడిక దగ్గర నిలబడ్డ హన్మంత్ తెచ్చిన తాడును చుట్టి భుజాన వేసుకున్నాడు. "పాలిచ్చే బర్రెను తోలుకపోతే మా అవ్వ నన్ను ఇంట్లకు రానియ్యది," అనుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కొట్లాట వినిపించి సింధుకు మెలకువ వచ్చింది. ఈసారి బెదరలేదు. బయటికి వస్తే కొట్టం ముందు నర్సింహమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది. లోపల బాలేష్ ఎరువుల సంగతి మీద రేడియోను కడిగేస్తున్నాడు.

"చాయ్ చల్లారిపోతున్నది. ఆయన్ని పిలవనా అత్తమ్మ?"

"పిలవకు," కళ్లు తుడుచుకుంటూ నవ్వింది నర్సింహమ్మ. "మస్తు దినాలకు ఇంట్ల లొల్లి అయితున్నది. కానియ్యి."