గుర్రుమనని కుక్క

గురువారం పొద్దున. సిరోంచలో ఎనిమిదింటికే రేకులు వేడెక్కుతున్నాయి. భాగ్య కూతురికి జడ వేస్తోంది. నాలుగో తరగతి చదివే శీతల్ మోకాళ్ల దాకా సాక్సులు లాక్కుని కూర్చుంది.

“ఇంత ఎండల గా సాక్సులేందే? ఇప్పు.”

“మేడం ఏసుకోమన్నది.”

“నిన్న గూడ గదే అన్నవ్. నీకొక్కదానికే చెప్పిందా మేడం?”

భాగ్య వంగి ఎడమకాలి సాక్సు కిందికి లాగింది. పిక్క మీద కారం పొడి ముద్దకట్టి ఎండిపోయి ఉంది. చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బింది. తడిగుడ్డతో తుడిస్తే కింద నాలుగు పంటి గాట్లు బయటపడ్డాయి. దువ్వెన ఆమె చేతిలోంచి జారింది.

“కాల్య కరిచిందా?”

శీతల్ తల ఊపింది. కాల్య పెరట్లో గొలుసుకు కట్టేసి ఉండే నల్ల కుక్క. మిరప కళ్లానికి కావలి ఉంటుందని రెండేళ్ల కింద మామ కిష్టన్న తెచ్చాడు.

“ఎప్పుడు?”

“సోమారం.”

“కారం ఎవరు పెట్టిండ్రు?”

“నేనే. కారం పెడితే ఇషం గుంజుతదని తాత అంటడు కద.”

“మరి నాకెందుకు చెప్పలేదు బిడ్డా?”

“చెప్తే తాత దాన్ని సంపుతడు. నువ్వు నన్ను కొడతవ్.”

దవాఖానలో నర్సు ఆ గాయాన్ని నల్లా కింద పెట్టి సబ్బుతో పావుగంట కడిగింది. గాయంలో సూది వేస్తుంటే శీతల్ వేసిన కేక వరండా దాకా వినిపించింది. డాక్టరు కాగితం రాస్తూ అడిగాడు. “కుక్కకు టీకా వేయించిండ్రా?”

సంక్రాంతి దాటాక కుక్కల టీకా వాళ్లు వాడకు వచ్చినప్పుడు, భాగ్య గుమ్మంలోంచే “మాది అయిపోయింది” అని చెప్పి పంపేసింది. కాల్యను పట్టుకోవాలంటే భయం. నిద్రపోతున్న మామను లేపాలంటే అంతకన్నా భయం.

“లేదు సార్.”

“పిల్లకు సూదులు ఒక్కటి కూడా తప్పొద్దు. కుక్కను చంపకండి, ఎక్కడా వదలకండి. కరిచిన రోజు నుంచి పది రోజులు మంచిగుంటే దానికి పిచ్చి లేనట్టే.”

ఇంటికి వచ్చేసరికి పెరట్లో కేకలు. పక్కింటి లింగక్క కంచె పట్టుకుని, దాన్ని చంపమని అరుస్తోంది. కిష్టన్న చేతిలో లావుపాటి కట్టె ఉంది. కాల్య గోడకు అతుక్కుపోయి, చప్పుడు లేకుండా చూస్తోంది. భాగ్య పిల్లను గుమ్మంలో నిలబెట్టి పరుగెత్తి మధ్యలోకి వెళ్లింది.

“జరుగు కోడలా! నా మనుమరాలిని కరిచినంక ఇదెందుకు?”

“కట్టె ఇటియ్యి మామా. అది సస్తే పిల్ల సంగతి మనకెట్ల తెలుస్తది?”

“తెలుసుడేంది? దానికి సూదేసిండ్రంటివి కద!”

“అబద్ధం చెప్పిన.” ఆమె కట్టె కొన పట్టుకుంది. “నిద్ర లేపితే నువ్వు తిడతవని... ఏసిండ్రని చెప్పి వాళ్లను పంపిచ్చిన.”

కిష్టన్న కట్టె నేలకు ఆన్చి, దాని పక్కనే కూలబడ్డాడు.

భాగ్య కబురు పెడితే మధ్యాహ్నం పశువుల దవాఖాన నుంచి డాక్టరమ్మ సుజాత వచ్చింది. దూరంగా నిలబడే కాల్యను చాలాసేపు చూసింది. గొలుసు ఒరుసుకుని మెడ చుట్టూ పుండు పడింది.

“కరిచే ముందు గుర్రుమన్నదా?” శీతల్‌ను అడిగింది.

“లేదు. ఊకనే చూసింది. గొలుసుకు మెడ కోసుకపోయింది కద, జరుపుదామని చెయ్యి పెట్టిన. నేను బెదిరి వెనక్కి తిరిగితే కాలు పట్టింది.”

“గుర్రుమనుడు నేనే మాన్పిచ్చిన,” అన్నాడు కిష్టన్న. “ఇంట్లోల్ల మీద గుర్రుమన్నప్పుడల్లా కట్టెతోని ఒక్కటిచ్చిన. మల్ల నోరెత్తలే.”

“కాకా, గుర్రుమనుడంటే నాకు భయమైతుంది, దగ్గరికి రాకు అని చెప్పుడు. నువ్వు దాని భయం మాన్పలే. చెప్పుడు మాన్పినవ్.”

భాగ్య గుమ్మంలో కూర్చున్న శీతల్‌ను చూసింది. పోయిన నెల, వెండి పట్టీ పోయిందని తనంత తానే వచ్చి చెప్పిన పిల్ల చెంప మీద తాను కొట్టిన వేళ్లు తేలాయి. ఆ తర్వాత శీతల్ తనతో ఏం చెప్పింది? భాగ్యకు ఒక్క మాటా గుర్తుకు రాలేదు.

సుజాత వాడ వాళ్లను పిలిచి చెప్పింది. పిల్లలు కంచె దాటొద్దు. కంచె పక్క నల్లా దగ్గరికి పోయేవాళ్లు, కుక్క నెమ్మదిగా ఉన్నప్పుడు బయటి నుంచే రొట్టెముక్క వేయాలి. గుర్రుమంటే కొట్టొద్దు, వెనక్కి జరగాలి. “అందరు చెయ్యాలె. ఒకలు రొట్టేసి ఇంకొకలు రాయేస్తే అది ఎవల్ని నమ్మాలె?”

“మంచిగున్నది! నా కోడలు సుత నాకు గిన్ని మర్యాదలు చేస్తలేదు,” అంది లింగక్క.

ఆ రోజు నుంచి భాగ్య లేవగానే చూసేది కుక్క నీళ్ల గిన్నెనే. పిచ్చి పట్టిన కుక్క నీళ్లు ముట్టదంటారు. గిన్నె ఖాళీ అయితే ఊపిరి పీల్చుకునేది. పిల్ల తుమ్మినా, నీళ్లు తాగుతూ పొరపోయినా ఆమె పని వదిలేసి పరుగెత్తుకొచ్చేది. ఆష్టి ఊళ్లో పనిచేసే భర్త ప్రేమ్‌సాగర్ ఫోన్ చేస్తే “మంచిగనే ఉన్నది” అని చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

కరిచిన ఎనిమిదో రోజు పొద్దున గిన్నె నిండుగా ఉంది. రొట్టె కూడా ముట్టలేదు. కాల్య పడుకుని కళ్లు మాత్రం తిప్పింది. భాగ్య “మామా, అది నీళ్లు ముడతలేదు!” అంటూ కంచె దాకా పోయి అక్కడే కూర్చుండిపోయింది.

లింగక్క చెంబుతో బయటికి వచ్చింది. “ఏమైందే?”

“నీళ్లు తాగుతలేదక్కా. నా బిడ్డ...”

“ఏడ తాగుతది? ఇప్పుడే కంచె సందుల కెళ్లి దాని తొట్టిల చెంబెడు అంబలి పోసిన. మొత్తం నాకింది. కడుపు పగిలేటట్టున్నది దానికి!”

భాగ్య నవ్వబోయి ఏడ్చేసింది. దాన్ని చంపమని అరిచిన లింగక్క, చెంబు వెనక దాచుకుని తల తిప్పుకుంది.

పది రోజులు నిండాక సుజాత వచ్చి, మూతికి పట్టీ కట్టి టీకా వేసింది. పుండుకు మందు రాసి, గొలుసు తీసి మెడకు మెత్తటి బట్ట పటకా వేసింది. ఆమె వెళ్లిన కాసేపటికి కిష్టన్న అన్నం గిన్నె పట్టుకుని దగ్గరికి పోయాడు.

కాల్య గుర్రుమంది.

దెబ్బలకు నోరు మూసుకున్నాక ఇదే మొదటిసారి. కిష్టన్న చెయ్యి అలవాటుగా, ఎప్పుడూ కట్టె ఆనించే పక్క గోడ వైపు పోయింది. అక్కడ కట్టె లేదు. చెయ్యి కాసేపు గాలిలోనే ఉంది. తర్వాత ఆయన గిన్నె కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

“సరే తియ్. చెప్పినవ్ కద, ఇన్న.” అన్నాడు కుక్కతో.

గుమ్మంలో శీతల్ జడ వేయించుకుంటూ ఇదంతా చూస్తోంది. “అమ్మా, నీకు ఇంకోటి చెప్పేదుండె,” అంది. అని, ముందుగా తల్లి చేతుల వైపు చూసింది.

ఆ చూపు భాగ్యకు తెలుసు. గోడకు అతుక్కుపోయిన కాల్య కళ్లలో చూసింది. ఆమె దువ్వెన కింద పెట్టింది. రెండు చేతులూ తీసి తన ఒళ్లో పెట్టుకుంది. కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

“చెప్పు బిడ్డా.”