అద్దం మీద గుడ్డ

సాయంత్రం నాలుగున్నరకు తమ్ముడు వరుసగా ఆరోసారి ఓడిపోయాడు.

ఆట జరుగుతున్నది అమ్మ టైలరింగ్ షాపులో, నేల మీద. తమ్ముడి వెనక గోడకు నిలువుటద్దం ఉంది. కుట్టిన బట్టలు వేసుకుని కస్టమర్లు అందులో చూసుకుంటారు. అక్క దానికి ఎదురుగా కూర్చుంది.

కార్డుల కట్ట తమ్ముడి టీచర్ ఇచ్చింది. ఒకటి నుంచి తొమ్మిది దాకా, ఒక్కో అంకెకు నాలుగు కార్డులు. ఒక కార్డును ఎవరూ చూడకుండా బొత్తాల డబ్బా కింద పెట్టాలి. మిగతావి ఇద్దరూ పంచుకోవాలి. కలిపితే పది వచ్చే జతలను కింద పరచాలి. జత దొరక్కపోతే ఎదుటివాళ్ల చేతిలోంచి ఒకటి లాగాలి. డబ్బా కింద ఏముందో ముందు చెప్పినవాళ్లు గెలిచినట్టు. తప్పు చెబితే ఓడినట్టు.

డబ్బా కింద కార్డు పెట్టడం తమ్ముడి పని. తాను చూడట్లేదని రుజువుగా కళ్లు గట్టిగా మూసుకుని, కార్డును అంకె వెనక్కి ఉండేలా చెవి పక్కకు ఎత్తి, అప్పుడు పెట్టేవాడు. ఎత్తినప్పుడు అంకె అద్దంలో కనబడేది.

మొదటిసారి అక్క కావాలని చూడలేదు. తర్వాత ఐదుసార్లు కావాలనే చూసింది.

"ఆరు!" అని డబ్బా ఎత్తింది. ఆరే. "నీ బుర్రలో ఏముందిరా, బంకమట్టా?"

తమ్ముడు కార్డులు పోగుచేసి రబ్బరు బ్యాండు వేశాడు.

"అమ్మా, రేపు క్లాసులో ఈ ఆటకి టీచర్ నా పేరు రాసుకున్నారు. తీసెయ్యమని చెప్పవా?"

కుట్టు మిషన్ ఆగింది. "అదేంటి నాన్నా? చెయ్యెత్తింది నువ్వేగా?"

"అక్కకి సగం ఆటలోనే తెలిసిపోతోంది. నాకు చివరిదాకా తెలియట్లేదు. నాది మట్టిబుర్రే."

అక్క కాసేపు డబ్బాకేసి చూసింది. లేచి, టేబుల్ మీది లైనింగ్ గుడ్డ తీసి అద్దం మీద కప్పింది.

"అద్దమెందుకే మూస్తున్నావు?" అంది అమ్మ.

"వాడు ఎత్తినప్పుడు కార్డు కనబడుతోంది."

తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు. "ఆరుసార్లూనా?"

"ఆరుసార్లూ."

"తొండి!"

"తొండే. ఇప్పుడు ఆడు."

ఈసారి ఆట చాలాసేపు సాగింది. చివరికి తమ్ముడి చేతిలో మూడు, ఎనిమిది మిగిలాయి. అక్క చేతిలో ఒక్కటే. తమ్ముడు నేల మీది జతలన్నీ వేలితో తడుముతూ చూశాడు.

"నీ దగ్గర రెండైనా ఉండాలి, ఏడైనా ఉండాలి."

"అయితే చెప్పెయ్, డబ్బా కింద ఏముందో."

"అమ్మో, తప్పైతే? ముందు నువ్వు లాగు."

అక్క లాగింది. ఎనిమిది వచ్చింది. తన చేతిలోని రెండుతో కలిపి కింద పెట్టింది. తమ్ముడి చేతిలో ఇంకొక్క కార్డు.

"అది మూడో, ఏడో..." అని గొణిగింది అక్క.

"నీకు తెలీదు! నాకు తెలుసు! నా దగ్గరున్నది మూడు. దాని జత బయట ఎక్కడా లేదు. డబ్బా కింద ఏడు!"

డబ్బా ఎత్తాడు. ఏడు.

"అమ్మా, పేరు ఉంచెయ్!"

"నేనెప్పుడు తీశానురా?" అంది అమ్మ.

ఐదున్నరకు ఒకావిడ వచ్చి కొత్త జాకెట్టు వేసుకుంది. అద్దంలో చూసుకోవాలంది. అక్క గుడ్డ తీసింది. ఆవిడ వెళ్లగానే మళ్లీ కప్పింది.