తిమోతి కెమెరాలో మిగిలిన రీలు

కాలనీ అందరి ఫోటోలూ తీసిన తిమోతికి తన ఫోటో అంటూ ఒక్కటి మిగల్లేదు. పెళ్లి ఆల్బం వార్ధా నది వరదలో పోయింది. ఫోను అతనితోపాటే బొగ్గు గని ప్రమాదంలో పోయింది. శవాన్ని మేకులు కొట్టిన పెట్టెలోనే ఇంటికి తెచ్చారు. ఆ పెట్టె చుట్టూ నిలబడి అందరూ ఆఖరి ఫోటో దిగినప్పుడు కూడా రోజీ మొగుడి మొహం చూడలేదు. ఏడవనూ లేదు. ఏడుపు లోపలెక్కడో ఇరుక్కుపోయింది.

ఇక ఆశంతా ఆ పాత రీలు కెమెరా మీదే. రోజీ మామ సిలువయ్య కొడుక్కి ఇచ్చిపోయినది, ఇటుకంత బరువు. తిమోతి తను పోయే ముందటి ఆదివారం, చర్చి నుంచి వచ్చాక దాన్ని స్టూలు మీద పెట్టి, కాసేపటికి దానంతటదే ఫోటో తీసేలా ముందున్న చిన్న మీట కిందికి తిప్పాడు. అది జుయ్‌మంటుండగా ఉరుక్కుంటూ వచ్చి మంచం మీద రోజీ పక్కన కూలబడ్డాడు.

"గీసారి ఇద్దరం పడ్డం పో!" అని నవ్వాడు. చొక్కా గుండీ ఊడి దారం వేలాడుతుంటే, కుడతానంది రోజీ. మరిచిపోయింది.

రాజురా ఎండకు కాలనీ అంతా తలుపులు మూసుకున్న మధ్యాహ్నం, తిమోతి తమ్ముడు షాలోమ్ వచ్చాడు. రీలు నాగపూర్‌లో కడిగించుకొస్తానన్నాడు. పైనున్న లీవరు లాగాడు. మళ్లీ లాగాడు.

"వదినా... రీలు కదల్లే."

"అంటే ఏంది?"

"లీవరు గుంజితే ఎడమదిక్కు నాబు తిరగాలె. అన్న తొందరల చూస్కోలే. ఒక్క ఫోటో గూడ పడలే."

వెనక మూత తెరిచాడు. రీలు కొస చక్రం పంటికి తగలకుండా వదులుగా వేలాడుతోంది. రోజీ గుండె గుభేలుమనాలి. అనలేదు.

"మల్ల తగిలియ్యి," అంది అంతే.

అతను కొస తగిలించి, మూత వేసి, నాబు తిరిగేదాకా లీవరు లాగి, కెమెరా ఆమె చేతికిచ్చాడు. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాడు.

రోజీ మంచం మీద కూర్చుని, ఎదుటి ఖాళీ స్టూలు వైపు కెమెరా తిప్పి కన్ను పెట్టింది. రింగు తిప్పితే ఏ దూరంలో ఉన్నది ఆ దూరంలో తేటపడుతుందని తిమోతే నేర్పాడు. గోడ తేటపడింది. దగ్గరికి తిప్పితే గోడ మసకబారి స్టూలు తేటపడింది. ఇంకా దగ్గరికి తిప్పింది. స్టూలుకీ ఆమెకీ మధ్య ఏమీ లేదు.

ఏదో తేటపడుతోంది...

చొక్కా. గుండీ లేని చోట వేలాడుతున్న దారం.

కెమెరా దించింది. గది ఖాళీ. తడిసిన బొగ్గు వాసన. మళ్లీ కన్ను పెట్టింది. చొక్కా మసకబారింది. ఇంకా దగ్గరికి తిప్పితే గానీ తేటపడలేదు. అంటే... దగ్గరికొచ్చింది.

భయపడాలని తెలుసు. కానీ మొహం కోసం చేతులు వాటంతటవే కెమెరాను పైకెత్తాయి. మెడ... గడ్డం... రింగు చివరికొచ్చి ఆగిపోయింది. మొహం మాత్రం ఇంకా మసకే.

"ఒక్కపారి చూపియ్యి," గుసగుసలాడింది.

ఆమె ముట్టకుండానే చిన్న మీట జుయ్‌మంది. టప్‌మని లోపలి అద్దం లేచింది. కన్నుమూసి తెరిచేంత సేపు అంతా చీకటి.

వంటింట్లోంచి షాలోమ్ అడిగాడు: "ఎవలతోని మాట్లాడుతున్నవ్ వదినా?"

"రీలు కడిగించుకరా," అంది ఆమె.

నాగపూర్ నుంచి షాలోమ్ ఒకే ఒక్క ఫోటో తెచ్చాడు. అందులో తిమోతి లేడు. రోజీ ఉంది. మంచం మీద, కంటికి కెమెరా ఆనించుకుని. స్టూలు మీద నుంచి తీసినట్టుంది. ఆమె పక్కన దుప్పటి, మనిషి బరువుకు కుంగినట్టు లోతుగా కుంగింది.

"అయ్యో దేవా... ఎవలు తీసిండ్రు దీన్ని?" షాలోమ్ మంచం మీద ఆమె పక్కన కూలబడబోయాడు.

"గాడ కూసోకు," అంది రోజీ, ఎప్పటి గొంతుతోనే. "మీ అన్న కూసున్నడు. మొహం చూపిస్తనన్నడు."

షాలోమ్ కిందికి చూశాడు. దుప్పటి కుంగే ఉంది. ఆ గుంటలో బొగ్గు మసి అంటిన చొక్కా గుండీ ఒకటి పడి ఉంది.