ఊపిరి బిగబట్టిన పదిహేను సెకన్లు

జాస్‌తో నాకు మొదటి రోజే గొడవైంది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక, తడిసిన పోస్ట్‌మన్ కోటు విదిలించి నా కాగితాలన్నీ తడిపాడు. పైగా వెంట ఒక బక్క కుక్క.

"లైబ్రరీలోకి కుక్కల్ని తేకూడదు," అన్నాను.

"దీనికి చదవడం రాదండీ. పుస్తకాలు ముట్టుకోదు," అన్నాడు తాపీగా.

నా పేరు మార్నీ. యార్క్‌షైర్‌లో మా ఊరి లైబ్రరీ మేడ మీద ఒక చిన్న గదిలో, సిగరెట్ మానాలనుకునేవాళ్ళకి ప్రతి గురువారం సలహాలివ్వడం నా ఉద్యోగం. వచ్చినవాళ్ళకి ఉచితంగా ఒక వేప్, అంటే బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ సిగరెట్, ఇస్తాం. సిగరెట్ మీదకి మనసు పోయినప్పుడల్లా దాన్ని పీల్చాలి. అందులో నికోటిన్ ఉంటుంది గానీ కాలే పొగాకు ఉండదు. తర్వాత మెల్లగా దాన్నీ తగ్గించేస్తాం.

వారానికోసారి వాళ్ళొచ్చి ఒక చిన్న మెషీన్‌లోకి ఊదాలి. సిగరెట్ తాగినవాళ్ళ ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వేప్ పీల్చినంత మాత్రాన అది రాదు. అంకె ఆరు లోపుంటే మనిషి తాగనట్టు, ఇరవై దాటితే బాగా తాగినట్టు. నాలుగో వారానికి అంకె ఆరు లోపుంటే మా లెక్కలో మానేసినట్టే.

ఊదే ముందు పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టాలి. బల్లకి అటు అతను, ఇటు నేను. ఆ పదిహేను సెకన్లూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం తప్ప వేరే పనేం ఉండదు. అందరితోనూ గోడ గడియారం వైపు చూసే నేను, అతనితో మాత్రం ఎందుకో చూపు తిప్పుకోలేకపోయాను. బూడిద రంగు కళ్ళు. ఊపిరాడక ఎర్రబడ్డ చెవులు. నాకు నవ్వొచ్చింది, దిగమింగాను.

ఆ రోజు అంకె ఇరవై నాలుగు. రోజుకి ఇరవై సిగరెట్లు తాగేవాడు మరి. వేప్‌లోకి రుచి ఎంచుకోమంటే అంతా వెతికి రూబార్బ్ కస్టర్డ్ అనే పిల్లల మిఠాయి రుచి తీసుకున్నాడు. పెద్ద మగాడు బడిపిల్లల మిఠాయి వాసనేసుకుని ఉత్తరాలు పంచుతాడా అని ఎగతాళి చేశాను. ఊళ్ళో కుక్కలు కరవడం మానేస్తాయని జవాబిచ్చాడు.

రెండో వారం అంకె మూడు. నాకే పరీక్ష పాసైనంత సంతోషమైంది. లైబ్రరీ వెనక కాలువ మీద ఒక పాత ఎర్ర పడవే అతని ఇల్లని, కుక్క పేరు గ్రేవీ అని అప్పుడే తెలిసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"నాతో ఒక టీ తాగడానికి వస్తావా?"

మొదటిసారి 'నువ్వు' అన్నాడు. నేను తప్పు పట్టలేదు.

"నాలుగు వారాలూ అయ్యేదాకా కుదరదు. మా రూలు."

"అయ్యాక?"

"అయ్యాక చూద్దాం. కానీ ఒక మాట. తాగితే తాగానని చెప్పు, ఏమీ అనను. అబద్ధం మాత్రం చెప్పకు. మా నాన్న పదకొండేళ్ళు మానేశానని చెప్పి, షెడ్‌లో పెయింట్ డబ్బాల వెనక దాచుకుని తాగాడు. ఆయన పోయాక ఆ డబ్బాలు సర్దింది నేనే."

అతను నవ్వలేదు. సరేనని తలూపి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా గురువారం కోసం ఎదురుచూశాను, దాచడం దేనికి.

మూడో గురువారానికి చలి విరుచుకుపడింది. వానలో మంచు కలిసి పడుతోంది. సెలవు పెట్టాడట, పడవలోంచి నేరుగా వచ్చాడు. ముఖం పీక్కుపోయింది. రాత్రంతా తలనొప్పి, నిద్ర చాల్లేదన్నాడు. గ్రేవీ రాలేదేమని అడిగితే, రెండు రోజుల నుంచి మత్తుగా పడుంటోందని, పొద్దున్నే కక్కిందని చెప్పాడు.

"నాకు తెలియకుండా అదేమైనా సిగరెట్లు మొదలుపెట్టిందేమో," అన్నాడు.

నవ్వుతూనే మెషీన్ అందించాను. పదిహేను సెకన్లు. ఊదాడు. అంకె పైకి పాకుతూ పోయి నలభై ఒకటి దగ్గర ఆగింది.

 మొదటి రోజు కన్నా ఎక్కువ. మళ్ళీ ఊదించాను. నలభై.

"ఎన్ని తాగావు?"

"ఒక్కటి కూడా తాగలేదు."

"జాస్, చెప్పేయ్."

"తాగలేదు మార్నీ. ఒట్టు."

ఆ ఒట్టు వినగానే నాకు మా షెడ్ కనిపించింది. మా నాన్నా ఇలాగే ఒట్టేసేవాడు, ఇంతే అమాయకంగా. నోటికొచ్చినట్టు అనేశాను. మెషీన్‌కి నీ మీద పగేం లేదన్నాను. వచ్చే వారం ఇంకో సలహాదారు దగ్గరికి పొమ్మన్నాను. అతని ముఖం మాడిపోయింది.  బల్ల పట్టుకుని లేచి, ఇంటికెళ్ళి కాసేపు పడుకుంటానని మాత్రం అన్నాడు.

తర్వాత వచ్చినవాళ్ళతో ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. ఒంటిగంటకి సాండ్‌విచ్ పక్కన పెట్టుకుని అతని ఫైలు రాయడం మొదలుపెట్టాను. ఇలాంటి అంకె వస్తే, మనిషి ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయాలి. తాగలేదన్నాడు. తలనొప్పి అన్నాడు. కుక్క మత్తుగా ఉందన్నాడు, కక్కిందన్నాడు.

పెన్ను ఆగిపోయింది. కుక్క సిగరెట్ తాగదు కదా.

 మాకు శిక్షణలో మొదటి రోజే చెప్తారు: అంకె ఎక్కువుండి, మనిషి తాగలేదంటుంటే, తిట్టే ముందు ఇంట్లో చలికాచుకునే పొయ్యి గురించి అడగాలి. బొగ్గు సరిగ్గా కాలకపోయినా, పొగ గొట్టం మూసుకుపోయినా అదే కార్బన్ మోనాక్సైడ్ విషంలా ఇల్లంతా నిండుతుంది. వాసన ఉండదు, తెలియనివ్వదు. మూడేళ్ళుగా ఎంతోమందిని అడిగిన ప్రశ్న. ఒక్క జాస్‌ని మాత్రం అడగలేదు. అతని కోటు మీద పొగాకు వాసన లేదు, బొగ్గు వాసనే ఉంది. అది కూడా పట్టించుకోలేదు. ఇదే ఇంకెవరైనా అయితే అడిగేదాన్ని. మనసు పడ్డవాడు కాబట్టి కోపం ముందొచ్చింది.

పడుకుంటానని వెళ్ళాడు. ఆ పడవలోనే, బొగ్గు పొయ్యి పక్కనే.

ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మెట్లు దిగుతూనే అంబులెన్స్‌కి చెప్పి కాలువ గట్టున పరుగెత్తాను. బురదలో ఒక బూటు ఊడింది, అక్కడే వదిలేశాను. దేవుడా, అతను చచ్చిపోతే చంపింది నేనే. పైకి అంటూనే పరుగెత్తాను.

ఎర్ర పడవ. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. గాలి రావాల్సిన కన్నాల్లో తువ్వాళ్ళు కుక్కి ఉన్నాయి, చలికి కుక్కినట్టున్నాడు. తలుపు బాదాను. లోపల నుంచి కుక్క మూలుగు కూడా లేదు. గట్టు మీద రాయి తీసుకుని కిటికీ పగలగొట్టాను. తర్వాత అదే రాయితో గొళ్ళెం విరిగేదాకా కొట్టాను.

తలుపుకి రెండడుగుల దూరంలో నేల మీద పడున్నాడు, చేతుల్లో గ్రేవీ. దాన్ని బయటికి తేవడానికి లేచి, అక్కడే కూలిపోయినట్టున్నాడు. ఊపిరి బిగబట్టి లోపలికి దూకాను. చంకల కింద చేతులేసి లాగాను. నాకంత బలం ఎక్కడిదో తెలియదు. వానలోకి లాగి పడేసి, మళ్ళీ వెళ్ళి కుక్కని తెచ్చాను.

చాలాసేపు కదలిక లేదు. చెంపలు వాయించాను. చివరికి దగ్గి, పక్కకి తిరిగి కక్కి, కళ్ళు సగం తెరిచాడు.

"నేను తాగలేదు," అన్నాడు.

"తెలుసు. నోరు మూసుకుని గాలి పీల్చు," అని అతని తల ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చాను. గ్రేవీ వణుకుతూ లేచి బూటు ఊడిన నా కాలు నాకింది.

ఆసుపత్రిలో రెండు రోజులు ఆక్సిజన్ మాస్కుతో ఉన్నాడు. పొగ గొట్టంలో పాత పిచ్చుక గూడు అడ్డుపడిందట. పడవలో ఈ వాయువుని పసిగట్టే అలారం ఉండాలి కదా అని నర్సు నిలదీస్తే, దాని బ్యాటరీలు ఫుట్‌బాల్ వినడానికి రేడియోలో వేసుకున్నానని ఒప్పుకున్నాడు. ఆమె నాకన్నా బాగా తిట్టింది. నేను మాత్రం మంచం పక్కన కూర్చుని, నిన్ను నమ్మనందుకు క్షమించమన్నాను. మాస్కు పక్కకి లాగి, మరి టీ సంగతేమిటని అడిగాడు. ఇంకో వారం ఉందన్నాను. నాకూ పంతముంది.

నాలుగో గురువారం సమయానికి వచ్చాడు, కుక్కతో సహా. కొత్త అలారం పెట్టించానని, కన్నాల్లో తువ్వాళ్ళు తీసేశానని ముందే అప్పజెప్పాడు. మెషీన్ చేతికిచ్చాను. ఊపిరి బిగబట్టాడు. బూడిద రంగు కళ్ళు, ఎర్రబడుతున్న చెవులు.

అతను ఊదక ముందే పెన్ను తీసి ఫైల్లో 'మానేశాడు' అని రాసి, సంతకం పెట్టి, కోటు తొడుక్కున్నాను.

ఆశ్చర్యంగా ఊపిరి వదిలేశాడు. "మరి అంకె చూడవా?"

"ఊదు. అది ఆఫీసుకి కావాలి," అన్నాను. "నాకు అక్కర్లేదు."