ముప్పై తొమ్మిది

2079 నాటికి విశాఖపట్నంలో బడికి వెళ్లే ప్రతి పిల్లా గేటు దగ్గర ఆగి, ఒక గాజుపలక మీద అరచెయ్యి ఆనించి లోపలికి వెళ్లేది. ఆ పలక పేరు గాయమాపిని. దెబ్బతిన్న, బెదిరిన ఒళ్లు కొన్ని ప్రోటీన్లను విడుదల చేస్తుంది. వాటి ఆనవాళ్లు కొన్నాళ్లపాటు చర్మం అడుగున నిలుస్తాయి. గాయమాపిని వాటిని చదివి ఒక అంకె చూపిస్తుంది. అదే వేదనాంకం. నలభైకి చేరిందా, పోలీసులకు కబురు దానంతటదే వెళ్లిపోతుంది. నేరం రుజువైతే పదేళ్ల జైలు.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ సువర్చల ఆ ఉదయం పిల్లల కోర్టులో సాక్షి బోనెక్కింది. ఎదురుగా బెంచీ మీద తొమ్మిదేళ్ల ధాత్రి. వీపంతా బెల్టు వాతలు. వాటిని చూసి తట్టుకోలేక టీచరు పెట్టిన కేసు అది. ముద్దాయి తండ్రి నాగభూషణం.

"పాప అంకె ఎంతండీ డాక్టరుగారూ?" తండ్రి తరఫు లాయరు వామనరావు అడిగాడు.

"ముప్పై తొమ్మిది."

"అంతకు ముందు?"

"అప్పుడూ ముప్పై తొమ్మిదే."

లాయరు జడ్జి వైపు తిరిగాడు. "చిత్తగించండి. నా క్లయింటు ఇంట్లో సొంతానికి గాయమాపిని పెట్టుకున్నారు. పాపను దండించినప్పుడల్లా చూసుకుంటూ, హద్దు రాగానే ఆపేస్తున్నారు. చట్టానికి ఇంతగా కట్టుబడిన తండ్రి ఇంకొకరున్నారా?"

సువర్చలకు ఒళ్లు మండిపోయింది. చట్టం రాసే కమిటీలో ఆమె కోరింది ఒక్కటే, హద్దు సున్నా ఉండాలని. "సున్నా పెడితే సగం దేశం జైల్లో ఉంటుందమ్మా" అని పెద్దలు నవ్వారు. దేశంలోని పిల్లలందరి అంకెలు తీసి, నూటికి తొంభైతొమ్మిది మంది లోపలే ఉండేలా హద్దు గీశారు.

"జ్వరం చూడమని థర్మామీటరిస్తే, బిడ్డను ఎంతవరకు కాల్చొచ్చో చూసుకుంటున్నాడు!" ఆమె గొంతు హాలంతా మోగింది. "దానికి క్రమశిక్షణ అని పేరా? సిగ్గు లేదూ?"

"అడిగినదానికే జవాబు చెప్పండి," అంది జడ్జి తలెత్తకుండా.

మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. నిర్దోషి.

వరండాలో నాగభూషణం లాయరుకు చేతులు జోడిస్తున్నాడు. ధాత్రి మెల్లగా సువర్చల దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఆ మిషను చేసింది మీరేనంట కదా?"

"నేనేనమ్మా."

"నలభై ఎలా తెప్పించుకోవాలి? నాన్న కొంచెం ముందే ఆపేస్తాడు. అంకె దిగేదాకా బజ్జీలు కొనిపెడతాడు. దిగాక మళ్లీ మొదలెడతాడు."

 సువర్చల వంగి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది.

"ఏయ్! నా కూతుర్ని ఎక్కడికి తీసుకెళ్తున్నావ్?" వెనక నుంచి నాగభూషణం అరిచాడు.

గేటు దగ్గర కానిస్టేబులమ్మ అడ్డం వచ్చింది. "మేడమ్, వదిలెయ్యండి. ఎత్తుకుపోయారని కేసవుద్ది. ఏడేళ్లు పడతాది."

"దానికి హద్దేమీ లేదా? ఇంతవరకు పరవాలేదని?"

"లేదు మేడమ్. గేటు దాటితే చాలు."

"అయితే రాసుకో," అంది సువర్చల. పిల్లను చంకనెత్తుకుని గేటు దాటింది.