నాలుగు బస్తాలు, ఒక పనసకాయ

విజయనగరం కోట దగ్గరి సందులో ‘ఫాల్స్, పీకో వేయబడును’ అన్న బోర్డు కింద, చేతిలో భార్య ఆకుపచ్చ చీరతో, ఏజెంట్ నరసింగరావు ఉదయం ఏడున్నరకి నిలబడి ఉన్నాడు.

కౌంటరు వెనకున్న అమ్మాయి తలెత్తలేదు.

“ఎప్పటికి కావాలి?”

“మొన్నటికి.”

“దారం?”

“రంగు వెలవనిది.”

“లోపలికెళ్ళండి. అమ్మగారు కొలతలు తీస్తారు.”

తెర వెనక మూడు కుట్టుమిషన్లు. వాటి వెనక ఒక ఇనప తలుపు. ఆ తలుపు వెనక ఆర్థిక నిఘా విభాగం వారి ఉత్తరాంధ్ర స్టేషన్. స్టేషన్ చీఫ్ తాయారు మెడలో టేపు వేసుకుని, జాకెట్టు ముక్కల దొంతర మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ఇప్పటికి మూడు దేశాల గూఢచారుల్ని పట్టిచ్చింది. ఆ వీధిలో మాత్రం ఆవిడకి ఆది జాకెట్టు ఇచ్చి, చెప్పిన రోజుకి కొత్తది తెచ్చుకున్న ఆడది లేదు.

“ఆపరేషన్ పిచ్చుక,” అంది తాయారు. “లీకైంది.”

నరసింగరావు చీర టేబులు మీద పెట్టాడు.

పిచ్చుక అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. నెల రోజులుగా దానికి కాపలా అతనే. మన దేశపు కంపెనీ ఒకటి రహస్యంగా తయారు చేసిన కాంపాక్ట్ సెడాన్ అది. పొడవు నాలుగు మీటర్ల లోపు. లీటరు పెట్రోలుకి ముప్పై నాలుగు కిలోమీటర్లు. బండి ఆగితే ఇంజను దానంతటదే నిద్రపోతుంది, బ్రేకు మీంచి కాలు తీస్తే కుదుపు లేకుండా లేస్తుంది. కింద గాలి సుళ్ళు తిరగకుండా అడుగుభాగమంతా పళ్ళెంలా చదును. ముందున్న జాలీ రెక్కలు ఇంజను వేడిని బట్టి వాటంతటవే తెరుచుకుని మూసుకుంటాయి. గాలికి అడ్డం రాకూడదని డోరు హ్యాండిళ్ళు కూడా బండి కదలగానే లోపలికి ముడుచుకుంటాయి. ఇదంతా నడిపే ప్రోగ్రాం వెనక సీటు కింద ఒక చిన్న పెట్టెలో ఉంది. టెస్టింగు నరసన్నపేట నుంచి విజయనగరం దాకా. రూపురేఖలు ఎవరికీ తెలియకుండా కారు ఒంటినిండా నలుపూ తెలుపూ మెలికల స్టిక్కరు.

“ఈ డిజైన్ కోసం విదేశీ ముఠా తిరుగుతోంది. ఆ ముఠాలో మన డబుల్ ఏజెంటు ఉంది. కోడ్ నేమ్ కస్తూరి. ముఠా వాళ్ళ హెడ్డాఫీసుకి వెళ్ళిన రిపోర్టు కాపీ ఆవిడ నాకు పంపింది. చదువు.”

నరసింగరావు చదివాడు.

‘మైలేజీ: ముప్పై నాలుగు, ఏసీ వేసినా సరే. ఇంజను: కొత్త కోడలి కంటే నెమ్మది. డిక్కీ: నాలుగు బియ్యం బస్తాలు, పైన ఒక పనసకాయ.’

దాని కింద హెడ్డాఫీసు వాళ్ళ ప్రశ్న. ‘పనసకాయ అనగా ఎన్ని లీటర్లు? వెంటనే తెలుపగలరు.’

నరసింగరావు ఇంకోసారి చదివాడు. ఆ మాటలు అతనివి. ఒక్క అక్షరం తేడా లేదు.

పది రోజుల క్రితం నెల్లిమర్లలో తోడల్లుడు ధనరాజ్ గృహప్రవేశం. బంధువులకి తెలిసినంతవరకు నరసింగరావు కార్ల షోరూములో సేల్స్‌మన్. అది డిపార్టుమెంటు ఇచ్చిన కవర్. పన్నెండేళ్ళుగా దేశం కోసం ఆ కవర్‌లో చులకనవుతున్నాడు. భోజనాల బంతిలో పులిహోర వడ్డిస్తుండగా ధనరాజ్ గట్టిగా అన్నాడు.

“ఏటన్నయ్యా, లోకానికంతటికీ కార్లు అమ్ముతావు, నువ్వు సూస్తే ఆటోలో దిగినావు! ఎల్లేటప్పుడు నా బండెక్కు. సీటు మీద తువ్వాలేసి కూసోబెడతాను.”

బంతి మొత్తం నవ్వింది. నరసింగరావు భార్య భారతి తన విస్తరిలోకి చూసుకుంది. సరిగ్గా అప్పుడే ఎదురు బంతిలోంచి, గులాబీరంగు జార్జెట్ చీర కట్టిన ఆవిడ, కొత్తింటి ఇంటీరియర్ డిజైనరట, పేరు శైలజట, ఎంతో మర్యాదగా అడిగింది. “కొత్తగా వచ్చే కార్లు మైలేజీ ఎంత ఇస్తాయండీ?”

గోళ్ళు పీకినా నోరు విప్పకుండా ఉండే ట్రైనింగు నరసింగరావుకి ఉంది. మరదలి మొగుడి ముందు నోరు మూసుకునే ట్రైనింగు మాత్రం ఏ అకాడెమీలోనూ ఇవ్వరు. బంతిలో కూర్చుని పిచ్చుక గుట్టంతా విప్పాడు. హ్యాండిళ్ళ దగ్గరికి వచ్చేసరికి పాయసం వచ్చింది కాబట్టి అక్కడ ఆగాడు.

“ఎవరి పని అనుకుంటున్నావు?” అంది తాయారు.

అతను చీర మడత సరిచేశాడు.

“నేను చెప్తాను విను. లోడ్ టెస్టుకి నాలుగు బస్తాలు ఎత్తింది డ్రైవరు సోములు. వాటి మీద ఇంటికి పట్టుకెళ్ళడానికి పనసకాయ పెట్టింది కూడా సోములే. ఆ కాయ సంగతి ఇద్దరికే తెలుసు. వాడికీ, నీకూ.” తాయారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. “నువ్వు కాదు కదా!”

ఆవిడ నవ్వుతూనే అంది. అతను చెప్పాల్సిన క్షణం అదే. నరసింగరావు గొంతు సవరించుకున్నాడు.

“చీర రేపటికిస్తారా మేడమ్?”

“ఎల్లుండి,” అంది తాయారు. “ఈరోజు ఆఖరి రన్. పదకొండుకి నరసన్నపేటలో బయల్దేరతారు. రెండింటికి పేటెంటు దరఖాస్తు పడుతుంది. ఈలోగా ప్రోగ్రాం కాపీ అయితే దరఖాస్తు ముఠా పేరు మీద పడుతుంది. మారువేషంలో సోములు పక్కన కూర్చో. నా కుట్టుపిల్లలిద్దరు ఆటోలో వెనక వస్తారు. ఎలాగైనా సాయంత్రానికి వాణ్ణి లోపల వేయాలి.”

*

“మీసం వంకరగా ఉన్నాది బాబూ,” అన్నాడు సోములు గేరు మారుస్తూ.

జీడిపప్పు వ్యాపారి వేషంలో ఉన్న నరసింగరావు మీసం సరిచేసుకున్నాడు.

సోములు బండిని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు నడుపుతున్నాడు. “ఈ కారు బజార్లోకి వస్తే నన్ను పర్మనెంటు సేస్తారట బాబూ. మా ఇంటిది కూర్మమ్మ అప్పుడే ఊరంతా సెప్పీసింది. నేను వద్దన్నాను, వింటాదేటి? అన్నట్టు ఆ రోజు పనసకాయ గుర్తుందా? ఆవకాయ పెట్టింది. మీకో సీసా పంపింది. అదిగో, కాళ్ళ దగ్గరున్నాది, తియ్యండి.”

నరసింగరావు సీసా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పావుకిలో సీసా, నాలుగు బస్తాల బరువుంది. శ్రీకాకుళం దాటారు. చెప్పేద్దామనుకున్నాడు. రణస్థలం దాటారు. ఇంకో కిలోమీటరు పోయాక చెప్దామనుకున్నాడు. లీటరుకి ముప్పై నాలుగు ఇచ్చే బండిలో కిలోమీటర్లకి లోటేమిటి!

హైవే దిగి విజయనగరం రోడ్డెక్కాక, రోడ్డుకి అడ్డంగా తాడు కనిపించింది.

తాడుకి అటూ ఇటూ పదిమంది ఆడవాళ్ళు. అమ్మవారి పండగ చందా. సోములు బ్రేకు తొక్కాడు. ఇంజను నిద్రపోయింది. తాతమ్మ అనే ముసలావిడ బానెట్టుకి పసుపు రాసి, కారు చుట్టూ ఒకసారి చూసి, సోములు వైపు వచ్చింది.

“ఒరే, బండికి ముగ్గెవులేసినార్రా? సుక్కల్లేకుండా ఎవులైనా ముగ్గేస్తారేటి?”

“ముగ్గు కాదే అప్పా, స్టిక్కరు,” అని సోములు కిటికీలోంచి తల బయటపెట్టి వాదన మొదలుపెట్టాడు.

నరసింగరావు వైపు కిటికీలోంచి గాజుల చెయ్యి ఒకటి లోపలికి వచ్చి, డాష్‌బోర్డు మీద కుంకుమ భరిణె పెట్టింది. అది టక్కున అతుక్కుంది. అడుగున అయస్కాంతం. మూత మీద తొమ్మిది తెల్లరాళ్ళు. అందులో ఒకటి పచ్చగా వెలిగింది.

“బాగున్నారా, నాలుగు బస్తాలవారూ?”

గులాబీరంగు జార్జెట్ చీర. శైలజ.

“మీరు...”

“మీ ఆఫీసులో కస్తూరిని. ముఠాలో ఇంకో పేరు. మీ బంతిలో శైలజని.” ఆవిడ తలుపుకి ఆనుకుని, చెవిలో చెప్పినట్టుగా అంది. “ఇంజను నిద్రలో ఉన్నంతసేపే వెనక సీటు కింది పెట్టె తాళం తీసి ఉంటుంది. ప్రోగ్రాం కాపీకి తొంభై సెకన్లు చాలు. పది సెకన్లకో రాయి.”

రెండో రాయి వెలిగింది. నరసింగరావు భరిణె పట్టుకుని లాగాడు. ఊడలేదు. చెయ్యి జేబులో పెన్ను మీదికి పోయింది. నొక్కితే మత్తుసూది.

శైలజ తన ఫోను అతని చెవి దగ్గర పెట్టింది. పులిహోర వడ్డిస్తున్న గరిటె చప్పుడు, ఆ తర్వాత అతని గొంతు. ‘నాలుగు బస్తాలమ్మా! పైన ఒక పనసకాయ కూడా!’

“నన్ను పడగొట్టొచ్చు. అప్పుడు ఈ ఫోను మీ తాయారు చేతికి వెళ్తుంది. ఊరుకున్నారనుకోండి, తప్పు సోములు మీదికి పోతుంది. ఆ రిపోర్టు ఆవిడకి పంపింది నేనే. మీ మాటలు మీకే చూపిస్తే ఏం చేస్తారో చూద్దామని. ఏమీ చేయలేదు కదా! ఇప్పుడూ అంతే చేయండి.”

అయిదో రాయి.

ఇంతవరకు అతని మీద మూడుసార్లు తుపాకీ గురిపెట్టారు. ఒక్కసారీ ఇంత సిగ్గుగా లేదు. ఆవిడ కత్తి చూపించలేదు, అతని గొంతు అతనికి వినిపించింది, అంతే. ఆవిడ లెక్క తప్పు కాదని కూడా అతనికి తెలుసు.

ఆరు. ఒళ్ళో సీసా.

“సోములూ, బండి పోనీ.”

“ఆడోళ్ళు అడ్డున్నారు బాబూ, ఎలా పోనిస్తాను?” అన్నాడు సోములు అటువైపే చూస్తూ.

ఏడు. ఎనిమిది.

“సోములూ! పనసకాయ సంగతి బయటపెట్టింది నేను!”

సోములు తల లోపలికి తీసుకున్నాడు. “ఏటి?”

“డిక్కీ, మైలేజీ, అన్నీ. మా తోడల్లుడి దగ్గర గొప్ప కోసం వాగాను. ఆఫీసులో అది నీ పని అనుకుంటున్నారు. నేను అనుకోనిచ్చాను. సాయంత్రం నిన్ను జైల్లో పెడతారు.”

సోములు మొత్తం మనిషి అతని వైపు తిరిగిపోయాడు. కాలు బ్రేకు మీంచి లేచింది.

ఇంజను మేలుకుంది. కుదుపు లేదు, చప్పుడు లేదు. అది ఆ డిజైన్ గొప్పతనం. బండి పాకింది, ఆడవాళ్ళు కేక పెట్టి తాడు వదిలి పక్కకి గెంతారు. తొమ్మిదో రాయి ఎర్రగా వెలిగి, మిగతా ఎనిమిదీ ఆరిపోయాయి. కాపీ మధ్యలో తెగిపోయింది.

శైలజ వెనక్కి తగ్గబోయింది. తగ్గలేకపోయింది. బండి కదలగానే డోరు హ్యాండిల్ లోపలికి ముడుచుకుంది, ఆనుకుని ఉన్న జార్జెట్ పమిటని కూడా పట్టుకుపోయింది. అయిదు భాషలు, మూడు పాస్‌పోర్టులు ఉన్న ఆవిడ కారు పక్కన చిన్న చిన్న అడుగులతో, పెళ్ళికూతురులా పాతిక గజాలు నడిచింది. “ఈవిణ్ణి పట్టుకోండి!” అని నరసింగరావు అరిచాడు. వెనక ఆటోలోంచి తాయారు కుట్టుపిల్లలిద్దరూ దూకి, చెరో చెయ్యీ పట్టుకుని బేడీలు వేశారు. అప్పుడు సోములు బ్రేకు తొక్కాడు. హ్యాండిల్ బుద్ధిగా బయటికి వచ్చి పమిట వదిలింది.

“ఈ హ్యాండిల్ సంగతి ఆ రోజు చెప్పలేదే!” అంది శైలజ.

“పాయసం వచ్చింది,” అన్నాడు నరసింగరావు.

సోములు నరసింగరావు ఒళ్ళోంచి ఆవకాయ సీసా తీసుకుని, తన సీటు పక్కన పెట్టుకున్నాడు. విజయనగరం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంజను చప్పుడైనా ఉంటే బాగుండుననిపించింది నరసింగరావుకి. అంత నిశ్శబ్దమైన కారు తయారు చేసినవాళ్ళ మీద మొదటిసారి కోపం వచ్చింది.

*

నరసింగరావు రిపోర్టు రాశాడు. ‘శత్రువుని ఏమార్చుటకు తప్పు ఒప్పుకొన్నట్లు నటించితిని’ అని మొదలుపెట్టి, కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాశాడు. పులిహోర కూడా రాశాడు. తాయారు చదివి, కొట్టేసిన వాక్యం మీద వేలు పెట్టింది.

“దీన్ని ఉంచితే మెడల్ వచ్చేది.”

“సోములు చదువుతాడండీ,” అన్నాడు.

శిక్ష మూడేళ్ళు. ఫీల్డు డ్యూటీ లేదు. టెస్టింగు బండ్లలో బస్తాలు ఎత్తి దించే పని. పై అధికారి, పర్మనెంటు డ్రైవరు సోములు. మూడు నెలలు అతను “ఎత్తు”, “దించు” అన్న రెండు మాటలే మాట్లాడాడు. నాలుగో నెలలో “మెల్లిగా” అన్నాడు. భారతికి సంగతంతా చెప్తే, “ధనరాజ్ నవ్వినప్పుడు నాకు సిగ్గేసింది. నువ్వు గొప్పలు పోయినప్పుడు ఇంకా సిగ్గేసింది,” అని లేచి వెళ్ళి అన్నం పెట్టింది.

పిచ్చుక బజార్లోకి వచ్చింది. కంపెనీ ప్రచారం వాళ్ళ కంట ఆ ముఠా రిపోర్టు ఎలా పడిందో పడింది, బాగా నచ్చింది. ఇప్పుడు నెల్లిమర్ల వెళ్ళే దారిలో, ధనరాజ్ ఇంటి మలుపుకి కాస్త ఇవతల, రెండంతస్తుల ఎత్తు హోర్డింగు ఉంది. ‘డిక్కీలో నాలుగు బియ్యం బస్తాలు, పైన ఒక పనసకాయ!’

టెస్టింగుకి వెళ్ళినప్పుడల్లా సోములు సరిగ్గా దాని కింద కారు ఆపుతాడు. అక్కడ సిగ్నలు లేదు, తాడు లేదు, అడ్డంగా మనిషి లేడు. ఇంజను దానంతటదే నిద్రపోతుంది. నరసింగరావు తలెత్తి ఆ రెండు లైన్లూ చదివేదాకా సోములు బ్రేకు మీంచి కాలు తీయడు. ఎంతసేపు ఆగినా పెట్రోలు ఎలాగూ ఖర్చవదు కదా!