కావడి దించాక

తెల్లారి లేవగానే దేవసేన మొదట చేసే పని మందు పీల్చుకోవడం. చేతులు మాత్రం పాత అలవాటున ఇంకా నూలు కోసం తడుముకుంటాయి. ఒకప్పుడు మగ్గం ఉన్న గదిలో ఇప్పుడు బియ్యం మూటలు ఉన్నాయి. ఆమె కాఫీ కలిపి తెచ్చేలోపే మొగుడు తణికాచలం తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఏనాడూ బీడీ ముట్టని దేవసేనకు ఊపిరితిత్తులు ఇంతగా ఎందుకు పాడయ్యాయో తిరుత్తణి డాక్టరమ్మ అడిగి అడిగి తెలుసుకుంది. కట్టెల పొయ్యి పొగ, నూలు దుమ్ము, పక్కలో పడుకునే మొగుడి బీడీ పొగ, అన్నీ కలిసే ఈ పని చేశాయంది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి అని చెప్పింది. ఇద్దరూ బెదిరిపోయారు. దేవసేన కట్టెల పొయ్యి తీసేసి గ్యాసు పెట్టించుకుంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న మగ్గాన్ని పక్కవీధి లోకనాథానికి ఇచ్చేసింది. తణికాచలం ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండ స్వామికి కావడి ఎత్తుతానని మొక్కుకుని, మాల వేసుకుని, బీడీ మానేశాడు. తిరుత్తణి కొండ మీద గుండు చేయించుకుని దిగొచ్చిన మొగుణ్ణి చూసి ఆమె మురిసిపోయింది. పళ్ళిపట్టు బస్టాండులో పూలమ్మే ఆవిడక్కూడా ఆయన గొప్ప చెప్పి గానీ వదల్లేదు.

ఆ ఉదయం ఎందుకో ఆమెకు తన మగ్గాన్ని చూడాలనిపించింది. ఆగి ఆగి నడిచి లోకనాథం ఇంటికి చేరింది. లోపలికి పోతే దుమ్ము, అందుకని గుమ్మం దగ్గరే నిలబడి చప్పుడు వింది. పెరట్లోంచి తెలిసిన నవ్వు వినబడింది. చుట్టూ తిరిగి వెళ్తే తణికాచలం గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. వేళ్ళ మధ్య బీడీ వెలుగుతోంది.

లోకనాథం భార్య ధనమ్మ గాబరాపడింది. "అన్న దినమూ ఈడికే కదక్కా వచ్చేది. నీకు తెలుసనుకున్యాం" అంది.

అంటే అందరికీ తెలుసు. తను గొప్పలు చెప్పుకుంటుంటే తలలూపినవాళ్ళు వీళ్ళే. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదేననుకుంది దేవసేన.

ఇంటికొచ్చాక అరవడానికి ఆమెకు ఊపిరి చాల్లేదు. "ఎప్పటినించి మామా?" అని మాత్రం అడిగింది.

ఆయన కాసేపు నసిగి చివరికి ఒప్పుకున్నాడు. కొండ దిగి మాల తీసిన సాయంత్రమే ముట్టించాడట.

"స్వామికి అబద్ధం చెప్పలేదు మే. మాల ఉన్నన్ని దినాలు ముట్టలేదు. కావడి దించినాక విరతం అయిపోయినట్టే కదా. ఇంక ఎప్పటికీ తాగనని నువ్వే అనుకున్యావు."

"నేను అనుకుంటా ఉంటే నువ్వు ఊరికే ఉన్యావు."

"అంత సంతోషపడతా ఉంటివి. ఎట్ల చెప్పేది?"

ఇంట్లో కూడా తాగావా అని అడిగితే తల దించుకున్నాడు. వాన పడే రాత్రుల్లో, ఆమె నిద్రపోయాక, కిటికీ దగ్గర. ఊపిరే అందని మనిషికి వాసనేం తెలుస్తుంది?

దేవసేనకు దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆయన పట్టుకోబోతే చెయ్యి తోసేసింది.

"నేను మగ్గాన్ని విరతానికి ఇయ్యలేదు మామా. మళ్ళా రాదని తెలిసే ఇచ్చినాను. దాన్ని మోసకపోతా ఉంటే చూడలేక వంటింట్లో కూచున్యాను. నువ్వు దాని పక్కనే కూచోని పొగ తాగతా ఉండావు."

తణికాచలం కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ మాల వేసుకుంటాననీ, మళ్ళీ కొండెక్కి ఈసారి జన్మంతటికీ మొక్కుకుంటాననీ అన్నాడు.

"కొండెక్కొద్దు" అంది దేవసేన. "నీ పొగకి స్వామికేమీ కాదు. నాకు చెప్పు. రాత్రికి నీ పక్కన పండుకునేది నేను."

దేవుడికి సులువుగా మొక్కుకున్న మనిషికి పెళ్ళాం మొహం చూస్తూ జన్మంతటికీ అనడం చేతకాలేదు. "ఈ దినం తాగను మే" అన్నాడు. "రేపటి సంగతి నాకే నమ్మకం లేదు. రేపు మళ్ళా అడుగు."

ఈ మాటకు ఆమె అప్పటిలా మురిసిపోలేదు. కానీ నమ్మింది. ఆయన భుజం మీద తల పెట్టి, ఊపిరి అందినంతసేపూ ఏడ్చింది.